పెద్దవయసు పేషెంట్ వార్డుకొచ్చినప్పుడు: క్యాజువాలిటీ నుంచి డిశ్చార్జి దాకా

విశాఖలో రాత్రి డ్యూటీలు చేసినవాళ్లందరికీ ఈ కేస్ షీట్ బాగా అలవాటే: "వయసు 80, నీరసం, రెండ్రోజులుగా తిండి లేదు, మాట తేడాగా ఉంది." దాని కింద ఒక సెలైన్, అందులో ఒక బి-కాంప్లెక్స్, "పొద్దున ఫిజీషియన్ చూస్తారు" అని ఒక ముక్క. పొద్దున ఫిజీషియన్ వచ్చేసరికి న్యుమోనియా కాస్తా సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) అయి కూర్చుంటుంది. లేదంటే షుగర్ రాత్రంతా 40 దగ్గరే ఉండిపోయి ఉంటుంది.

ఇది ముఖ్యంగా హౌస్ సర్జన్లకు, డ్యూటీ డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు రాస్తున్నాను. పేషెంట్ పక్కన కూర్చునే కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు చదివినా మంచిదే. సగం సమాచారం వాళ్ల దగ్గరే ఉంటుంది. మందుల మోతాదులు మాత్రం డాక్టర్ల కోసం, ఇంట్లో వాడుకోవడానికి కాదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. "వయసైపోయింది కదండీ" అన్నది డయాగ్నసిస్ కాదు. వయసు రాత్రికి రాత్రే మీద పడదు. మొన్న గుడికి నడిచి వెళ్లిన మనిషి ఇవాళ మంచం దిగట్లేదంటే మధ్యలో ఏదో జరిగింది. అదేమిటో పట్టుకోవాలి. పెద్దవాళ్లలో గుండెపోటు, న్యుమోనియా, పేగుకు చిల్లు, సోడియం పడిపోవడం అన్నీ ఒకే రకంగా మొదలవుతాయి: తిండి మానేయడం, పడిపోవడం, మంచాన పడటం, బట్టల్లోనే మూత్రం పోవడం, మతి తప్పినట్టు మాట్లాడటం.

## మొదటి పది నిమిషాలు

పేరూ ఊరూ రాసుకునే లోపే వేలికి సూది గుచ్చి షుగర్ చూడండి. షుగర్ వ్యాధి లేదని ఇంట్లోవాళ్లు గట్టిగా చెప్పినా సరే చూడండి. 70 కంటే తక్కువుండి మగతగా ఉంటే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. నరంలోకి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ అనే షుగర్ బిళ్లలు వాడేవాళ్లకు కిడ్నీ కూడా దెబ్బతిని ఉంటే షుగర్ ఒక్కసారి పడి ఊరుకోదు, మళ్లీ మళ్లీ పడుతుంది. లేచి కూర్చుని కబుర్లు చెబుతున్నారని ఇంటికి పంపేయొద్దు. కనీసం 24 గంటలు దగ్గరుంచుకుని చూస్తుండాలి.

తర్వాత శ్వాస. నిమిషమంతా లెక్కపెట్టాలి. చార్టులో అందరికీ 20 అని రాసుకుంటూ పోయే అలవాటు మన వార్డుల్లో ఎప్పటినుంచో ఉంది. పెద్దవాళ్ల విషయంలో దానంత ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి లేదు. దగ్గు లేకపోయినా, ఒళ్లు వెచ్చబడకపోయినా, శ్వాస 25 దాటిందంటే ఊపిరితిత్తుల వైపు చూడాల్సిందే.

మిగతా అంకెలను ఆ మనిషిని బట్టి చదవాలి. ఎప్పుడూ 170, 180 ఉండే మనిషికి 110 బీపీ నార్మల్ కాదు, షాక్‌కు మొదలు కావచ్చు. నాడిని నెమ్మదింపజేసే మెటోప్రొలాల్, అటెనొలాల్ వేసుకునేవాళ్లకు ఎంత ఇన్‌ఫెక్షన్ ఉన్నా నాడి 80 దాటకపోవచ్చు. ఉష్ణోగ్రత 100 ఫారెన్‌హీట్ దాటినా, ఎప్పుడూ ఉండేదానికంటే 2 డిగ్రీలు పెరిగినా జ్వరమే. జ్వరం లేనంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ లేదనుకోవద్దు.

వీటన్నిటినీ కలిపి చూసుకోవడానికి న్యూస్-2 (NEWS2) అనే ప్రమాద సూచిక స్కోరు వాడండి. అందులో కొత్తగా వచ్చిన మతి తేడాకు ఒక్కదానికే 3 మార్కులు. మొత్తం 5కు చేరితే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి, 7కు చేరితే ఐసీయూ వాళ్లను పిలవాలి.

పది నిమిషాల్లో ఈసీజీ కూడా అయిపోవాలి. ఛాతీ నొప్పి ఉంటేనే ఈసీజీ అనుకుంటే పెద్దవాళ్లలో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లలో, గుండెపోట్లు చాలా తప్పిపోతాయి. ఆయాసం, చెమటలు, వాంతి, ఉన్నట్టుండి పడిపోవడం, వీటిలో ఏది ఉన్నా ఈసీజీ తీయాలి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే మాత్రం ముందు అడగాల్సింది "చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకు?" అని. నాలుగున్నర గంటల్లోపైతే సీటీకి పరుగెత్తాలి, మిగతావన్నీ తర్వాత.

## రెండు వారాల కిందట ఎలా ఉండేవారు?

నా దృష్టిలో అన్ని పరీక్షల కంటే ఎక్కువ పనికొచ్చే ప్రశ్న ఇదే. "ఎప్పటినుంచి బాలేదు?" అని అడిగితే "చాన్నాళ్లనుంచండి" అంటారు. అలా కాకుండా విడివిడిగా అడగాలి. రెండు వారాల కిందట బాత్రూమ్‌కి తనంతట తనే వెళ్లేవారా? పింఛను డబ్బులు తనే లెక్కపెట్టుకునేవారా? ఇంటికొచ్చినవాళ్లను గుర్తుపట్టేవారా? ఎప్పట్లా మాట్లాడింది చివరిసారి ఏ రోజు, ఏ పూట?

ఎవర్ని అడుగుతున్నామన్నది కూడా ముఖ్యం. బెంగళూరు నుంచి అప్పుడే విమానం దిగిన కొడుకు గట్టిగా మాట్లాడుతుంటాడు. రోజూ అన్నం పెట్టే కోడలు వెనక గోడకానుకుని నిలబడి ఉంటుంది. ఆమెను ముందుకు పిలిచి అడగండి. "మంగళవారం నుంచి కాఫీ గ్లాసు ఒలకబోసుకుంటున్నారండి" అన్నంత కచ్చితంగా చెప్పేది ఆమే.

వచ్చిన జవాబుల్ని బట్టి మనిషి ఎంత బలహీనపడ్డారో చెప్పే, 1 నుంచి 9 దాకా ఉండే ఫ్రెయిల్టీ స్కేలు మీద ఒక అంకె వేయండి. వేయాల్సింది రెండు వారాల కిందటి స్థితికి, ఇవాళ మంచం మీద కనిపిస్తున్నదానికి కాదు. ఈ తేడా మరిచిపోతే బాగా తిరిగే మనిషిని కూడా "ఇక లాభం లేదు" అని వదిలేసే ప్రమాదముంది.

## మందుల సంచి మంచం మీద బోర్లించండి

చీటీ చూసి రాసుకోవడం కాదు. సంచి మొత్తం దుప్పటి మీద కుమ్మరించాలి. ఒక ఓపీలో ఇచ్చినవి, ఇంకో క్లినిక్‌లో రాసినవి, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన రంగు బిళ్లలు, పక్కింటావిడకు పనిచేశాయని తెచ్చుకున్నవి అన్నీ అందులోనే ఉంటాయి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో కనిపించడం రోజూ ఉండేదే.

ముందుగా బీపీ బిళ్ల. పేరు చివర "హెచ్" ఉందంటే అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉన్నట్టు. క్లోర్‌థాలిడోన్ కూడా ఆ జాతిదే. వీటితో సోడియం పడిపోతుంది. దిగులుకు రాసే ఎస్సిటలోప్రామ్ కూడా తోడైతే ఇంకా తొందరగా పడుతుంది.

మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వాడుతుంటే, పక్కనే టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్లా, మూత్రం ఎక్కువ పోయేలా చేసే బిళ్లా కూడా ఉంటే, రెండు రోజుల విరేచనాలు చాలు కిడ్నీ మూతపడటానికి. శ్రీకాకుళం వైపు కవిటి, సోంపేట, పలాస నుంచి వచ్చేవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. ఆ ఉద్దానం ప్రాంతంలో షుగర్ గానీ బీపీ గానీ లేకుండానే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు ఎంతోమంది. వాళ్లకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా నొప్పి ఇంజెక్షన్ చేయొద్దు.

పేరు తెలియని పొట్లాల్లో, బిళ్లల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. "అది వేసుకుంటే నొప్పులు మంత్రం వేసినట్టు పోయేవండి, పది రోజులై మానేశారు" అని చెప్పి, బీపీ, సోడియం రెండూ తక్కువగా ఉన్నాయంటే రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. నరంలోకి ఇవ్వాలి.

జలుబు బిళ్లల్లోని క్లోర్‌ఫెనిరమైన్, నిద్రకో తిమ్మిర్లకో రాసే అమిట్రిప్టిలిన్, ట్రైహెక్సిఫెనిడిల్ ఈ మూడూ మతిని చెదరగొడతాయి, మూత్రాన్ని ఆపేస్తాయి. ఏళ్ల తరబడి రాత్రిపూట అల్‌ప్రజోలామ్ వేసుకునేవారికి ఆసుపత్రిలో చేరాక అది ఆగిపోతే రెండో మూడో రోజుకల్లా వణుకు, గాభరా, పలవరింత మొదలవుతాయి. మద్యం అలవాటు ఉన్నవాళ్ల సంగతీ అంతే. ఈ రెండూ పెద్దావిడను అడగడానికి మొహమాటపడతాం. అడగాలి.

పార్కిన్సన్ పేషెంట్‌కు లెవోడోపా ఒక్క పూట కూడా తప్పకూడదు. వాంతి అవుతోందని మెటోక్లోప్రమైడ్ ఇవ్వకూడదు.

## డెలీరియం: అడిగితేనే దొరుకుతుంది

డెలీరియం అంటే జబ్బు వల్ల ఉన్నట్టుండి మతి చెదరడం. కేకలేసి సెలైన్ పీకేసుకునే పేషెంట్ సంగతి సిస్టరే వచ్చి చెబుతారు. గోడవైపు తిరిగి కదలకుండా పడుకున్న పేషెంట్‌ను మాత్రం "పాపం బాగా నిద్రపోతున్నారు" అని వదిలేస్తాం. ఎక్కువగా తప్పిపోయేది ఈ రెండో రకమే.

డెలీరియంను పట్టే 4ఏటీ (4AT) పరీక్షకు రెండు నిమిషాలు చాలు. మెలకువ సరిగా లేకపోతే 4 మార్కులు. వయసు, పుట్టిన తేదీ, ఉన్న చోటు, ఏ సంవత్సరమో చెప్పడంలో ఒక తప్పుకు 1, అంతకంటే ఎక్కువైతే 2. నెలలు వెనక్కి చెప్పమంటే ఏడు కూడా చెప్పలేకపోతే 1, అసలు ప్రయత్నించలేకపోతే 2. మార్పు కొత్తగా వచ్చినదైతే, లేదా పూటపూటకూ మారుతుంటే 4. మొత్తం 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డెలీరియం అనుకుని కారణం వెతకాలి.

మన దగ్గర ఒక చిక్కుంది. బడికి వెళ్లని పెద్దావిడకు పుట్టిన తేదీ తెలియదు, జనవరి ఫిబ్రవరిలూ రావు. అది రోగం కాదు. ఆమెకు వచ్చిన వాటితోనే చూడాలి. నేనైతే వారాలు అడుగుతాను.

"మామ్మగారూ, ఇప్పుడు మనం ఎక్కడున్నాం?"

"ఇంట్లోనే కదా నాయనా, కోడలు టీ పెడతంది."

"సరే. వారాలు వెనక్కి చెప్పండి చూద్దాం. ఆదివారం, శనివారం, తర్వాత?"

"శుక్రవారం... లక్ష్మివారం... అదిగో, ఆ పిల్లని పడిపోకుండా పట్టుకోండి..."

అక్కడ పిల్లెవరూ లేరు. పక్కనున్న కోడలు "మొన్నటిదాకా కిరాణా లెక్క నోటితోనే చెప్పేవారండి" అంటోంది. ఇంకో పరీక్ష అక్కర్లేదు. వారాలు అడగడం అసలు పరీక్షలో లేదు కాబట్టి మార్కుల విషయంలో పట్టుదలకు పోవద్దు. మాట మధ్యలో ధ్యాస జారిపోతోందా, ఈ మార్పు కొత్తదా అన్నవే చూడండి.

## తల నుంచి కాలి వేళ్ల దాకా

పేషెంట్‌ను పక్కకు తిప్పకుండా, పంచె సడలించకుండా, మేజోళ్లు తీయకుండా పరీక్ష అయిపోయిందనుకోవద్దు. అసలు రోగం ఉండేది చాలాసార్లు అక్కడే.

పొట్ట కింద చెయ్యి వేసి మూత్రాశయం చూడండి. నిండిపోయిన మూత్రాశయం ఒక్కటే మనిషిని వెర్రెత్తించగలదు. చుక్కచుక్కగా బట్టల్లో పడుతోంది కాబట్టి మూత్రం వస్తోందనుకుంటారు, నిజానికి నిండి పొంగుతోందన్నమాట. మలం గట్టిపడి అడ్డం పడిందేమో వేలితో చూడాలి. గజ్జల్లో హెర్నియా ఇరుక్కుందేమో చూడాలి. పేగుకు చిల్లు పడినా పొట్ట గట్టిపడకపోవచ్చు. పొట్ట మెత్తగానే ఉన్నా నొప్పి భరించలేకపోతుంటే, గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే, పేగుకు రక్తం ఆగిందేమో ఆలోచించి సర్జన్‌ను పిలవండి.

పడిపోయిన తర్వాత నిలబడలేకపోతుంటే తుంటి విరిగిందనే అనుకోవాలి, ఎక్స్‌రే బాగున్నా సరే. సన్నని పగులు ఎక్స్‌రేలో కనబడదు, సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ తీయాలి. రెండు మూడు వారాల కిందట తలకు చిన్న దెబ్బ, ఇప్పుడు మగత, దానికితోడు రక్తం పలచబరిచే మందులు ఉంటే తల సీటీ తప్పదు.

పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి ఘాట్ దిగి వచ్చేవాళ్లకు జ్వరముంటే మలేరియా పరీక్ష అప్పటికప్పుడే చేయాలి. సీరియస్‌గా ఉన్న ఫాల్సిపారమ్ రకం మలేరియాకు ఆర్టెసునేట్ కిలోకు 2.4 మి.గ్రా. చొప్పున చేరిన వెంటనే, 12 గంటలకు, 24 గంటలకు. సన్నని పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరపు నల్ల మచ్చ కోసం చంకలు, రొమ్ముల కింద, గజ్జలు, మొలతాడు కింద వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి పేషెంట్ చెప్పరు. దొరికితే డాక్సిసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు మొదలుపెట్టేయొచ్చు.

ఇక మే నెల. విశాఖ ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. 104 ఫారెన్‌హీట్ దాటి మతి తప్పి ఉంటే ముందు ఒంటి మీద నీళ్లు చల్లి ఫ్యాన్ పెట్టండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టండి. వడదెబ్బకు పారాసెటమాల్ పనిచేయదు.

## రిపోర్టులు చదవడం

క్రియాటినిన్ 1.0 అని వస్తుంది, పక్కన ల్యాబ్ వాళ్లు "నార్మల్" అని వేస్తారు. చోడవరం నుంచి వచ్చిన 80 ఏళ్ల మామ్మ అనుకుందాం, బరువు 45 కిలోలు. కిడ్నీ పనితీరు లెక్కకు 140లోంచి వయసు 80 తీస్తే 60. దాన్ని బరువు 45తో హెచ్చిస్తే 2700. 72ను క్రియాటినిన్ 1.0తో హెచ్చిస్తే వచ్చే 72తో భాగిస్తే 37.5. ఆడవాళ్లకు 0.85తో హెచ్చించాలి, 32 వస్తుంది. అంటే ఆ "నార్మల్" క్రియాటినిన్ వెనక కిడ్నీ పనితీరు నిమిషానికి 32 మి.లీ. మాత్రమే. కండ తక్కువగా ఉన్న ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ. అమికాసిన్, ఎనోక్సాపరిన్, మెట్‌ఫార్మిన్ మోతాదులన్నీ ఈ 32ను చూసి వేయాలి. అందుకే ప్రతి పెద్దవయసు పేషెంట్‌నీ చేరిన రోజే తూకం వేయమంటాను.

మూత్రంలో చీము కణాలు, బ్యాక్టీరియా కనబడగానే "యూరిన్ ఇన్‌ఫెక్షన్" అని రాసి వెతకడం ఆపేయొద్దు. పెద్దవయసు ఆడవాళ్లలో ఏ ఇబ్బందీ లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం మామూలే. గొట్టం ఉన్నవాళ్లకైతే సరేసరి. మంట, జ్వరం, నడుం పక్కన నొప్పి లాంటివి లేకుండా మతి తేడా ఒక్కటే ఉంటే వేరే కారణం వెతకాలి.

గుండెపోటు కోసం చూసే ట్రోపోనిన్ కిడ్నీ జబ్బులోనూ, సెప్సిస్‌లోనూ పెరుగుతుంది. కొన్ని గంటల తేడాతో రెండోసారి చూసి, మారుతోందా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయించండి.

## వైద్యం: కొంచెం కొంచెంగా, కానీ ఆలస్యం లేకుండా

సెప్సిస్ షాక్‌లో ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి, అంతకు ముందే బ్లడ్ కల్చర్ తీసుకోవాలి. సెలైన్ 250 మి.లీ. చొప్పున ఇచ్చి, ప్రతిసారీ బీపీ, శ్వాస, ఊపిరితిత్తుల చప్పుడు చూసుకుంటూ పోవాలి. గుండె బలహీనంగా ఉందని అసలు ఇవ్వకపోవడం ఎంత తప్పో, లీటర్ బాటిల్ పెట్టి మరిచిపోవడం కూడా అంతే తప్పు.

ఆక్సిజన్ శాచురేషన్ చాలామందికి 94 నుంచి 98 మధ్య ఉంటే చాలు. పొగ చుట్టల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న సీఓపీడీ వాళ్లకు 88 నుంచి 92. వాళ్లకు 100 చేయాలని చూస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి మగతలోకి జారుకుంటారు.

సోడియం తక్కువైనప్పుడు ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా 3 శాతం సెలైన్ 100 నుంచి 150 మి.లీ. వేగంగా ఇవ్వాలి. కానీ 24 గంటల్లో పెరుగుదల లీటరుకు 8 మిల్లీమోల్స్ దాటనివ్వొద్దు. తొందరపడి పెంచితే మెదడు దెబ్బతింటుంది, అది సరిదిద్దలేనిది.

నొప్పికి పారాసెటమాల్‌తో మొదలుపెట్టండి, 50 కిలోల లోపు వాళ్లకు ఒక్కో మోతాదు కిలోకు 15 మి.గ్రా. మించకుండా. ట్రమడాల్ తేలిక మందు కాదు. మతినీ చెదరగొడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. షుగర్ బిళ్లలు వాడేవాళ్లకు లివోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ ఇస్తే షుగర్ పడిపోతుందేమో చూస్తుండాలి.

## రాత్రి రెండింటికి గొడవ చేస్తే

ముందు చేతులు కట్టేయాలని, తర్వాత నిద్ర ఇంజెక్షన్ ఇవ్వాలని అందరూ అంటారు. పక్క బెడ్ వాళ్లు కూడా అంటారు. ముందు షుగర్, శాచురేషన్, మూత్రాశయం, నొప్పి చూడండి. లైటు వేసి, కళ్లజోడు పెట్టి, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టి పేరు పెట్టి పలకరించండి. ఇవన్నీ అయ్యాక కూడా తనకో ఇతరులకో ప్రమాదమైతేనే హాలోపెరిడాల్, అదీ 0.25 నుంచి 0.5 మి.గ్రా. మాత్రమే, ఈసీజీలో క్యూటీ (ఎక్కువైతే గుండె లయ తప్పే ప్రమాదం చూపే కొలత) చూసుకుని. పార్కిన్సన్ ఉన్నవాళ్లకు అది వద్దు. లోరాజిపామ్ లాంటి నిద్ర ఇంజెక్షన్లు మద్యం గానీ నిద్రమాత్రలు గానీ మానేసిన వాళ్లకు తప్ప మిగతావాళ్లకు డెలీరియంను పెంచుతాయి.

## మంచం మీద ఉంచేయొద్దు

2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచం మీద ఉంచితే కాళ్లలోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. జబ్బుచేసిన మనిషి పరిస్థితి ఇంకెంత? బీపీ నిలబడిన రోజే కుర్చీలో కూర్చోబెట్టండి, మర్నాడు బాత్రూమ్ దాకా నడిపించండి. మూత్రం గొట్టం ఎందుకుందో ప్రతి రౌండ్‌లో అడగండి. జవాబు లేకపోతే తీసేయండి. లేవలేనివాళ్లను రెండు గంటలకోసారి తిప్పుతూ, తోకెముక దగ్గరా మడమలూ చూడండి.

మింగడం చూడకుండా నోట్లో ఏమీ పోయొద్దు. నిటారుగా కూర్చోబెట్టి ముందు చెంచాడు నీళ్లు. దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా ఆపేయాలి. కొందరు పలచటి నీళ్లకు పొరబోతారు గానీ చిక్కటి చోడి (రాగి) అంబలిని బాగానే మింగుతారు.

1999లో అమెరికాలో యేల్ వాళ్లు షారన్ ఇనౌయీ నాయకత్వంలో వెలువరించిన అధ్యయనంలో, పేషెంట్లను పలకరించడం, నడిపించడం, నీళ్లు తాగించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం, కళ్లజోడు, చెవి మిషన్ అందించడం లాంటి పనులతోనే డెలీరియం 9.9 శాతం మందికే వచ్చింది, మామూలు వార్డులో 15 శాతం మందికి వచ్చింది. వాళ్లు వలంటీర్లను పెట్టుకున్నారు. మనకు ఆ అవసరమే లేదు, ప్రతి మంచం పక్కనా ఇద్దరు ముగ్గురు బంధువులు ఉంటారు. వాళ్లను బయటికి తరిమే బదులు పని చెప్పండి. మొదటి పనిగా ఇంటికెళ్లి కళ్లజోడు, చెవి మిషన్, పళ్ల సెట్టు తెమ్మనండి. ఆసుపత్రిలో పోతాయని అన్నీ బీరువాలో దాచేసి వస్తారు.

## ఇంట్లోవాళ్లతో మాట

వెంటిలేటర్ దాకా వెళ్లాలా అన్న మాట అర్ధరాత్రి కారిడార్‌లో టెన్షన్ మీద కాకుండా చేరిన రోజే కూర్చుని మాట్లాడండి. పేషెంట్‌కు తెలివి ఉంటే ముందు ఆయన్నే అడగాలి. "మా నాన్నకు చెప్పొద్దండి" అనే కొడుకు ప్రేమతోనే అంటాడు, కానీ ఆ నాన్నకు ఏం కావాలో ఆయనకే తెలుసు.

## డిశ్చార్జి

చీటీలో మందులను మూడు భాగాలుగా తెలుగులో రాయండి: ఆపేసినవి, మోతాదు మార్చినవి, కొత్తవి. ఆపేసిన వాటిని పేషెంట్ ముందే సంచిలోంచి తీసి పక్కన పెట్టించండి. లేకపోతే ఇంటికెళ్లాక పాతవీ కొత్తవీ కలిపి వేసుకుంటారు.

డెలీరియం పూర్తిగా తగ్గడానికి వారాలు పట్టొచ్చని చెప్పండి. అది తగ్గేదాకా బ్యాంకు కాగితాల మీదా, పొలం కాగితాల మీదా వేలిముద్రలు వేయించొద్దని కూడా చెప్పండి. ఒంటరిగా ఉండేవాళ్లయితే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు రాసివ్వండి. సోడియం పడిపోయినవాళ్లకు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు వారంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూడాలి. దానికి విశాఖ దాకా రానక్కర్లేదు, అనకాపల్లిలోనో నర్సీపట్నంలోనో చేయించుకుని రిపోర్టు ఎవరికి చూపించాలో చీటీ మీదే రాసివ్వండి.